నాన్న చెయ్యి ఇవ్వనంటున్నారు: ఫిస్టులా ఎప్పుడు చేయించాలి?

కృష్ణరాజపురం_వాసవి
మా నాన్నకు 63 ఏళ్లు, పదిహేడేళ్లుగా మధుమేహం ఉంది. హిందూపురంలో ఉండేవారు. కిందటి సంవత్సరం అమ్మనూ నాన్ననూ బెంగళూరుకు, మా ఇంటికి తీసుకువచ్చాను. కిడ్నీలు పాడవుతున్నాయి. పోయిన నెల పరీక్షల్లో క్రియాటినిన్ (రక్తంలో మిగిలిపోయే మలినం) 4.6, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు వడకట్టే శక్తిని చూపే అంకె) 13 వచ్చాయి. ముందుముందు డయాలిసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతికి ఫిస్టులా చేయించుకోవాలని, ఇక ఆలస్యం వద్దని నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) చెప్పారు.

నాన్న ససేమిరా అంటున్నారు. "మూత్రం ధారాళంగా వస్తోంది, అన్నం తింటున్నాను, నడుస్తున్నాను, నాకెందుకు డయాలిసిస్?" అంటారు. "చెయ్యి కోయించుకుంటే ఆ జబ్బును నేనే ఇంటికి పిలిచినట్టు" అని కూడా అన్నారు. రెండు వారాలుగా ఇంట్లో ఇదే గొడవ. నిన్న భోజనం దగ్గర నేను గట్టిగా మాట్లాడాను, ఆయన కంచం వదిలి లేచి వెళ్లిపోయారు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఇలాంటి దశ దాటినవారు చెప్పండి. తొందర నిజంగా ఉందా? ఉంటే ఆయనకు ఎలా చెప్పాలి?

యంత్రం_పక్కన
పదకొండేళ్లుగా డయాలిసిస్ టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. మీ నాన్నగారి మొదటి ప్రశ్న మా దగ్గర ప్రతివారూ అడిగేదే. మూత్రం రావడం వేరు, మూత్రంలో మలినాలు పోవడం వేరు. పాడైన కిడ్నీ నీటిని వదలగలదు కానీ యూరియా, పొటాషియం, ఆమ్లం లాంటివాటిని వడకట్టలేదు. సీసాలో రంగు లేని నీళ్లలా మూత్రం పోసుకుంటూ ఊపిరి ఆడని స్థితిలో వచ్చినవారిని చూశాను.

తొందర ఉంది. ఫిస్టులా అంటే చేతిలో ఒక ధమనిని పక్కనున్న సిరకు కలిపి కుట్టడం. ధమనిలోని ఒత్తిడి సిరలోకి వచ్చి, అది మెల్లగా లావై, గోడ గట్టిపడాలి, అప్పుడే డయాలిసిస్ సూదులకు పనికొస్తుంది. దానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది, మధుమేహం ఉన్నవారిలో ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చు. కొందరిలో మొదటిసారి పని చేయదు, రెండోసారి చేయాలి. ఈ సమయమంతా మీకు ముందే చేతిలో ఉండాలి.

మడివాల_మెస్
నేను మెడ పైపుతో మొదలు పెట్టినవాణ్ణి. డాక్టరు చెప్పినప్పుడు మీ నాన్నగారిలాగే ఎనిమిది నెలలు వాయిదా వేశాను. ఒక రాత్రి రెండింటికి పడుకుంటే ఊపిరి ఆడలేదు, లేచి కూర్చుంటే కొంచెం నయం, మళ్లీ పడుకుంటే నీళ్లలో మునిగినట్టు. ఆటోలో అత్యవసర విభాగానికి తీసుకువెళ్లారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆ రాత్రే మెడలో పైపు వేసి డయాలిసిస్ చేశారు.

ఆ పైపుతో నాలుగు నెలలు బతికాను. తల మీద నీళ్లు పోసుకోకూడదు. పక్కకు తిరిగి పడుకోలేను. రెండుసార్లు పైపుకు ఇన్ఫెక్షన్ వచ్చింది. యంత్రం మొదలైన అరగంటకే చలి, వణుకు, నాలుగు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకమని కొట్టుకునేవి. మా ఆవిడ ఆ గది బయట నిలబడి ఏడ్చేది. తరువాత ఎడమ మోచేతి పైన ఫిస్టులా చేశారు. మూడేళ్లయింది, దాని మీదే నడుస్తున్నాను. మీ నాన్నగారికి ఈ రెండో దారి మొదటి రోజే దొరుకుతోంది. దాన్ని పోగొట్టుకోవద్దని నా మాటగా చెప్పండి.

పెన్నా_తీరం
అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి ఇంకో వైపు చెబుతాను. మా అత్తగారికి 81 ఏళ్లు, గుండె బలహీనం. ఆమెకూ ఇలాగే తొందరపెట్టి ఫిస్టులా చేశారు. ఒక్కరోజు కూడా వాడలేదు. ఏడాదిన్నర మందులతో, పథ్యంతో ఇంట్లోనే గడిపి, తన మంచం మీద ప్రశాంతంగా పోయారు. ఆ కోత ఆమెకు అనవసరపు బాధ.

ఇంకొకటి. డయాలిసిస్ త్వరగా మొదలు పెడితే ఎక్కువ కాలం బతుకుతారన్నది కూడా తేలలేదు. 2010లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైద్యులు 828 మంది మీద చేసిన ఐడియల్ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ముందే మొదలు పెట్టినవారికీ, ఆగి మొదలు పెట్టినవారికీ ఆయుష్షులో తేడా కనబడలేదు. 13 అనగానే భయపడి పరుగెత్తనక్కరలేదు.

యంత్రం_పక్కన
పెన్నా_తీరం గారూ, అధ్యయనం గురించి మీరన్నది నిజం. కానీ అందులో ఇంకొక సంగతి ఉంది. ఆగి మొదలు పెట్టాల్సిన వర్గంలో నాలుగింట మూడొంతుల మంది అనుకున్న అంకె దాకా ఆగలేకపోయారు. వాంతులు, ఆయాసం, నీరు చేరడం వంటి లక్షణాలతో ముందే మొదలు పెట్టాల్సి వచ్చింది. ఏ రోజు ఆ అవసరం వస్తుందో ఎవరూ చెప్పలేరు.

డయాలిసిస్ మొదలు పెట్టడం వేరు, చెయ్యి సిద్ధం చేసుకోవడం వేరు. వాసవి గారిని డాక్టరు రేపటి నుంచే డయాలిసిస్‌కు రమ్మనలేదు, చెయ్యి సిద్ధం చేసుకోమన్నారు. ఫిస్టులా ఉండి కూడా ఏడాది పాటు అవసరం రానివారు మా దగ్గరే ఉన్నారు.

మీ అత్తగారి విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. ఎనభై దాటి, గుండె బలహీనంగా ఉన్నవారికి డయాలిసిస్ లేకుండా మందులతో, ఉపశమన వైద్యంతో సాగడం కూడా గౌరవమైన నిర్ణయమే. దాన్ని ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. 63 ఏళ్లు ఉండి, తన కాళ్ల మీద తాను నడిచే మనిషి సంగతి వేరు.

పెన్నా_తీరం
"మొదలు పెట్టడం వేరు, సిద్ధం కావడం వేరు" అన్న మాట ఆ రోజు మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ ఇంట్లో చాలా రాత్రులు నిద్ర పట్టేది. నేను అడ్డు చెప్పడం లేదు వాసవి గారూ, ఆయన మాట కూడా వినమంటున్నాను, అంతే.

వేప_చెట్టు
మా పక్కింటాయనకు ఒక వైద్యుడు చూర్ణం ఇచ్చాడు, క్రియాటినిన్ 5 నుంచి 3కు దిగింది. కోత ఎందుకు? పేరు, చిరునామా కావాలంటే పెడతాను.

నియంత్రకుడు
పేరు, చిరునామా పెట్టవద్దు. మందుల ప్రచారం ఇక్కడ అనుమతించము.

ఉద్దానం_బిడ్డ
వేప_చెట్టు గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారని నమ్ముతున్నాను, కానీ నా కడుపు మండి రాస్తున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. నేను బెంగళూరు పీణ్యలో లేత్ మిషన్ మీద పని చేస్తాను. మా ఊళ్లో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. మధుమేహం, రక్తపోటు లేని కూలీలకూ వస్తుంది. ఎందుకు వస్తుందో ఇన్నేళ్లయినా కచ్చితంగా తేలలేదు. మా నాన్న చూర్ణాలు, పసర్లు అన్నీ తిన్నారు. కొన్ని నాటు మందుల్లో పాదరసం, సీసం ఉంటాయి. మిగిలిన కాస్త కిడ్నీని అవే తినేస్తాయి. దానికి తోడు ఒళ్లు నొప్పులకు దుకాణంలో కొన్న నొప్పి మాత్రలు. 51 ఏళ్లు నిండకుండానే పోయారు.

ఇప్పుడు మా అన్నయ్య డయాలిసిస్ మీద ఉన్నాడు. ఒకప్పుడు మా వాళ్లు దీనికోసం విశాఖపట్నం దాకా వెళ్లేవారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. డయాలిసిస్ రోగులకు ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. మా నాన్న కాలానికి ఇవేవీ లేవు. దొరికిన వైద్యాన్ని కాలదన్నుకోవద్దు వాసవి గారూ.

వేప_చెట్టు
మీ నాన్నగారి గురించి చదివాక ఇంకేమీ అనలేను. మన్నించండి. పక్కింటాయనను కూడా మళ్లీ పరీక్ష చేయించుకోమని చెబుతాను.

హెబ్బాళ_రఘు
ఫిస్టులా ఒక్కటే దారి అన్నట్టు మాట్లాడుతున్నారు. నాకు 38 ఏళ్లు, రెండేళ్లుగా సీఏపీడీ, అంటే పొట్టలో చేసుకునే డయాలిసిస్ మీద ఉన్నాను. పొట్టకు చిన్న మెత్తని గొట్టం పెడతారు. రెండు లీటర్ల ద్రవం లోపలికి ఎక్కించి, నాలుగైదు గంటలు ఉంచి, దించేసి మళ్లీ కొత్తది ఎక్కించాలి. రోజుకు నాలుగుసార్లు, ఒక్కొక్కసారికి అరగంట పైన. సూదుల్లేవు, ఆసుపత్రి చుట్టూ తిరగడం లేదు. ఈ ఊళ్లో వారానికి మూడుసార్లు హెబ్బాళ వంతెన దాటి ఆసుపత్రికి పోయి రావడమంటే అదే ఇంకో ఉద్యోగం.

కష్టం కూడా చెబుతాను. శుభ్రత విషయంలో ఒక్క పూట కూడా అజాగ్రత్త పనికిరాదు. దించిన ద్రవం బియ్యం కడిగిన నీళ్లలా కనిపిస్తే, కడుపు నొప్పి ఉంటే, ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తాలి. నాకు ఒకసారి అయింది. ఇంట్లో ఒక గది నిండా సంచుల పెట్టెలే. ద్రవంలో గ్లూకోజు ఉంటుంది కాబట్టి మధుమేహం ఉన్నవారికి చక్కెర మోతాదు పెరుగుతుంది, ఇన్సులిన్ సర్దుకోవాలి. అయినా మీ డాక్టరును ఈ ప్రశ్న తప్పక అడగండి. ఎవరూ అడగకపోతే చాలాచోట్ల దీని మాటే ఎత్తరు.

సర్జాపుర_సునీత
మూడో దారి కూడా ఉంది. ఆరేళ్ల క్రితం మా వారికి నా కిడ్నీ ఇచ్చాను. ఆయన డయాలిసిస్ దాకా పోనేలేదు, ఈజీఎఫ్‌ఆర్ 12 ఉన్నప్పుడే మార్పిడి జరిగింది. దాతల పరీక్షలకే నాలుగు నెలలు పట్టింది. మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, భార్యాభర్తలు దగ్గరి బంధువుల కింద ఇవ్వవచ్చు. 2011 సవరణలో తాతలు, అమ్మమ్మ నాయనమ్మలు, మనవలు కూడా చేరారు. ఇంట్లో సరిపోయే దాత లేకపోతే, ఆసుపత్రి ద్వారా జీవసార్థకతెలో పేరు నమోదు చేయించుకోవచ్చు. కర్ణాటకలో మరణించినవారి అవయవాలు ఆ సంస్థ ద్వారానే కేటాయిస్తారు. వరుస చాలా పొడుగు. అందుకే పేరు ఎంత ముందు పెడితే అంత మంచిది.

కృష్ణరాజపురం_వాసవి
అమ్మకూ చక్కెర ఉంది, ఆమె కిడ్నీ ఇవ్వడానికి వీలుపడదు. నేను ఇస్తానని రెండు నెలల కిందటే అన్నాను. "నీకు ఇద్దరు పిల్లలు, ఆ మాట ఇంకోసారి నా ఎదుట అనవద్దు" అన్నారు. అది రాస్తుంటేనే కళ్లలో నీళ్లు వస్తున్నాయి.

సర్జాపుర_సునీత
ఒక్కసారి వద్దన్నంత మాత్రాన ఆ మాట ముగిసిపోదు తల్లీ. మా వారు ఏడు నెలలు వద్దన్నారు. ఈలోగా చెయ్యి సిద్ధంగా ఉంటే మీ ఇద్దరికీ ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

యంత్రం_పక్కన
వాసవి గారూ, ఒక చిన్న విషయం. నెలనెలా రక్త పరీక్షకు ఏ చేతి నుంచి తీస్తున్నారు?

కృష్ణరాజపురం_వాసవి
ఇంటికి వచ్చే అబ్బాయి ఎడమ మోచేతి మడత దగ్గర తీస్తాడు. కుడి చెయ్యి పనికి కావాలని నాన్నే ఎడమ చెయ్యి చాపుతారు.

యంత్రం_పక్కన
ఈ రోజే ఆపించండి. ఫిస్టులా మామూలుగా ఎక్కువ వాడని చేతికే చేస్తారు. ఆ చేతి సిరలే మీ ఆస్తి. గుచ్చి గుచ్చి, సెలైన్ సూదులు పెట్టి వాటిని పాడు చేస్తే తరువాత కలపడానికి పనికొచ్చే సిర మిగలదు. రక్తం తీయాల్సి వస్తే కుడి అరచేతి వెనుక భాగం నుంచి తీయమనండి. జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేర్చినా "ఎడమ చేతికి సూది వద్దు" అని గట్టిగా చెప్పండి. మేము కొందరికి చేతి మీద పెన్నుతో రాసి పంపుతాం.

ఇంకొకటి, హెపటైటిస్-బి టీకా ఇప్పుడే మొదలు పెట్టించండి. కిడ్నీ రోగులకు మామూలు కంటే రెట్టింపు మోతాదు, ఎక్కువ విడతలు. డయాలిసిస్ మొదలయ్యాక వేస్తే శరీరం అంత బాగా స్పందించదు. ఈ మాట చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది.

బనశంకరి_శాస్త్రి
బ్యాంకులో పని చేసి విరమించినవాణ్ణి, మా తమ్ముడి కాగితాలన్నీ నేనే చూస్తాను. ఖర్చు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి కొంత చెబుతాను. ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమం 2016లో వచ్చింది, పేదవారికి జిల్లా ఆసుపత్రుల్లో ఉచితం. బెంగళూరులో విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో నెఫ్రో యూరాలజీ సంస్థ ఉంది, ప్రభుత్వానిదే. రద్దీ ఎక్కువ, తెల్లవారకముందే వెళ్లాలి. కర్ణాటక ప్రభుత్వ ఆరోగ్య పథకానికి ఇక్కడి రేషన్ కార్డు చూస్తారు. మీ నాన్నగారి కార్డు హిందూపురంలో ఉంటే ఆంధ్ర పథకం వర్తించే ఆసుపత్రి ఏదో ముందుగా కనుక్కోండి. చేర్చిన రోజు కాగితాల కోసం తిరగడం నరకం.

ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కట్టేవారికి 80డీడీబీ కింద 40,000 రూపాయల వరకు మినహాయింపు, రోగికి 60 దాటితే లక్ష వరకు. తండ్రి మీ మీద ఆధారపడితే మీరే చూపించుకోవచ్చు. నిపుణుడైన వైద్యుని చీటీ ఉండాలి. కిడ్నీ రోగి డయాలిసిస్ కోసం రైల్లో ప్రయాణిస్తే, తోడు వచ్చేవారితో సహా, స్లీపరులోనూ మూడో ఏసీలోనూ 75 శాతం రాయితీ ఉంది.

హెబ్బాళ_రఘు
శాస్త్రి గారూ, రైలు రాయితీ సంగతి నాకు రెండేళ్లుగా తెలియదు. ధన్యవాదాలు.

కృష్ణరాజపురం_వాసవి
తిండి గురించి కూడా అడగాలి. నాన్నకు ఉదయం నడక అయ్యాక మా వీధి చివర కొబ్బరి బొండం తాగే అలవాటు. ఒంటికి చలవ అంటారు. ఉప్పు తగ్గించమన్నారని అమ్మ దుకాణం నుంచి "తక్కువ సోడియం ఉప్పు" తెచ్చి వాడుతోంది.

యంత్రం_పక్కన
రెండూ ఆపండి, దయచేసి ఈ పూటే. ఆ ఉప్పులో సోడియం తగ్గించి దాని బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఆరోగ్యవంతులకు మంచిదే, పాడైన కిడ్నీకి విషం. కొబ్బరి బొండంలోనూ పొటాషియం చాలా ఎక్కువ. పొటాషియం పెరిగితే నొప్పి ఉండదు, హెచ్చరిక ఉండదు, గుండె లయ తప్పుతుంది. మామూలు ఉప్పే తక్కువగా వేయండి. అలాగే స్టార్ ఫ్రూట్ ముట్టుకోవద్దు. ఆ పండులో మెదడుకు హాని చేసే పదార్థం ఉంది. మామూలు కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది, పాడైన కిడ్నీ పంపలేదు. కొద్దిగా తిన్నా ఎక్కిళ్లు, మగత, ఫిట్స్ దాకా పోతుంది.

మడివాల_మెస్
వంట సంగతి నన్ను అడగండి. ఆంధ్ర భోజనం పెట్టి బతికేవాణ్ణి, నా కంచంలో మాత్రం ఆవకాయ లేదు. బంగాళాదుంప, కంద, ఆకుకూరలు చిన్నగా తరిగి, గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఎక్కువ నీళ్లలో ఉడికించి, అవి కూడా వార్చేస్తాం. రుచి కొంత పోతుంది. జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపుతో తిరిగి తెచ్చుకోవచ్చు. పులుపుకు చింతపండు తగ్గించి నిమ్మరసం కొన్ని చుక్కలు వేస్తాం. అరటిపండు బదులు ఒక చిన్న ఆపిల్ ముక్క.

ఒక తేడా గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు మాంసకృత్తులు తగ్గించమని చెప్పి ఉంటారు. డయాలిసిస్ మొదలయ్యాక మాట మారుతుంది, యంత్రం వాటిని కూడా లాగేస్తుంది కాబట్టి పెంచమంటారు. నేను రోజూ నాలుగు గుడ్ల తెల్లసొన తింటాను. మావాళ్లు పాత చీటీ చూసి రెండు నెలలు నాకు పప్పు కూడా పెట్టలేదు, నీరసంతో మెట్లు ఎక్కలేకపోయాను.

ఉద్దానం_బిడ్డ
నీళ్ల సంగతి కూడా చెప్పండి మెస్ గారూ. మా అన్నయ్యకు అదే పెద్ద కష్టం.

మడివాల_మెస్
మూత్రం తగ్గిన తరువాత వచ్చే కష్టం అది. రోజుకు వచ్చే మూత్రానికి ఇంకో అర లీటరు కలిపి, అంతే తాగమన్నారు. మజ్జిగ, చారు, కాఫీ, ఇడ్లీ మీద పోసుకునే సాంబారు అన్నీ అందులోకే వస్తాయి. ఉదయాన్నే ఒక సీసాలో ఆ రోజు కోటా నింపి పెట్టుకుంటాను. ఏది తాగినా అంత నీరు సీసాలోంచి తీసేస్తాను. దాహం వేస్తే నోరు పుక్కిలించి ఉమ్మేస్తాను, లేదా చిన్న మంచుముక్క. ఉప్పు తగ్గితే దాహమే తగ్గుతుంది, అసలు కిటుకు అది. మీ అన్నయ్యకు చెప్పండి తమ్ముడూ, మొదటి రెండు నెలలే నరకం.

పెన్నా_తీరం
వాసవి గారూ, ఇంత చదివాక ఒక ప్రశ్న. మీ నాన్నగారు ఏ పని చేసేవారు? "కుడి చెయ్యి పనికి కావాలి" అన్నారని రాశారు.

కృష్ణరాజపురం_వాసవి
దర్జీ. హిందూపురంలో 40 ఏళ్లు దుకాణం నడిపారు. ఇక్కడికి వచ్చేటప్పుడు కుట్టు మిషన్ కూడా తెచ్చుకున్నారు. వరండాలో పెట్టుకుని అపార్ట్‌మెంట్ వాళ్ల జాకెట్లు, ప్యాంట్ల మడతలు కుడతారు.

పెన్నా_తీరం
అయితే ఆయన భయం డయాలిసిస్ గురించి కాకపోవచ్చు. కుడి చెయ్యి కత్తెరకు, చక్రానికి. సూది కింద గుడ్డను నడిపించేది ఎడమ చెయ్యే. మా అమ్మ కుట్టేది, నాకు తెలుసు. ఆ చెయ్యి పోతుందని అనుకుంటున్నారేమో. ఒకసారి అడిగి చూడండి. గొడవ పడకుండా, ఆయన మిషన్ దగ్గర కూర్చున్నప్పుడు.

కృష్ణరాజపురం_వాసవి
అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. దారం ఎక్కిస్తూ, "ఎడమ చెయ్యి కోసేస్తే ఇక నేను చేసే పని ఏముంది? మీ ఇంట్లో తిని కూర్చోవాలా?" అన్నారు. రెండు వారాలు మేమందరం కిడ్నీ గురించి అరుచుకున్నాం. చెయ్యి గురించి ఎవరం ఒక్క మాట అడగలేదు.

పెన్నా_తీరం గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఇప్పుడు అసలు ప్రశ్న: ఫిస్టులా ఉన్న చేతితో కుట్టగలరా?

యంత్రం_పక్కన
సాధారణంగా కుట్టగలరు. మొదటి కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదు. గాయం మానాక మెత్తని బంతిని నొక్కే వ్యాయామం ఇస్తారు, చేతిని వాడటమే మంచిది. ఆ చేతికి రక్తపోటు పట్టీ కట్టకూడదు, బిగుతు గడియారం వద్దు, దాని మీద తల పెట్టి పడుకోకూడదు. రోజూ ఉదయం, రాత్రి ఫిస్టులా మీద వేళ్లు ఆనించి లోపల రక్తం పారే కదలిక ఉందో లేదో చూసుకోవాలి. ఆగిపోతే తెల్లవారే దాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

దాచకుండా ఒకటి చెబుతాను. కొద్దిమందిలో రక్తం సిర వైపు ఎక్కువ మళ్లి, వేళ్లు చల్లబడటం, తిమ్మిరెక్కడం, నొప్పి ఉంటాయి. మధుమేహం ఉన్నవారిలో, మోచేతి దగ్గర చేసినప్పుడు ఇది కొంచెం ఎక్కువ. సరిచేసే మార్గాలున్నాయి, కానీ ఆలస్యం చేయకుండా చెప్పాలి. శస్త్రవైద్యునికి "మా నాన్న దర్జీ" అని మొదటి మాటగానే చెప్పండి. డాప్లర్ పరీక్షలో (రక్తనాళాలను చూసే స్కాన్) మణికట్టు దగ్గరి సిర బాగుంటే అక్కడే చేసేందుకు చూస్తారు.

మడివాల_మెస్
మాటలతో కాదు వాసవి గారూ. మీ నాన్నగారిని మా మెస్‌కు తీసుకురండి. నా చెయ్యి ఆయనకు చూపిస్తాను. మంగళ, గురు, శనివారాలు మధ్యాహ్నం నేను యంత్రం మీద ఉంటాను, ఆదివారం రండి. ఆయనకు విడిగా వండి పెడతాను, ఉప్పు లేకుండా.

ఉద్దానం_బిడ్డ
మెస్ గారూ, ఆ ఆదివారం నేను కూడా వస్తాను. నాకు ఆవకాయతోనే పెట్టండి.

కృష్ణరాజపురం_వాసవి
ఆదివారం వెళ్లి వచ్చాం.

మెస్ గారు ఎడమ చేత్తో గరిటె పట్టి పెసరట్టు తిప్పుతుంటే నాన్న పక్కన నిలబడి ఆ చెయ్యే చూస్తూ ఉన్నారు. తరువాత ఆయన చొక్కా చెయ్యి పైకి లాగి, "పట్టుకుని చూడండి" అన్నారు. నాన్న ముందు వెనుకాడారు. వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నారు. "లోపల మిషన్ తిరుగుతున్నట్టుంది" అన్నారు. కొంతసేపు వేళ్లు తీయలేదు.

సూదులు నొప్పి పుట్టవా అని అడిగారు. పుడతాయి, మొదటి నెల భయపడ్డాను, ఇప్పుడు ముందుగా మత్తు మందు రాసుకుంటాను అని మెస్ గారు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఇంటికి వచ్చే దారిలో, సిల్క్ బోర్డు దగ్గర బస్సు ఆగిపోయినప్పుడు, నాన్న కిటికీలోంచి చూస్తూనే, "తారీకు అడుగు" అన్నారు.

సర్జాపుర_సునీత
చదువుతూ ఆఫీసులో కళ్లు తుడుచుకున్నాను.

హెబ్బాళ_రఘు
సీఏపీడీ గురించి అడిగారా?

కృష్ణరాజపురం_వాసవి
అడిగాను రఘు గారూ. డాక్టరు ఇరవై నిమిషాలు వివరించారు. రోజుకు నాలుగుసార్లు సంచులు మార్చడం తన వల్ల కాదని, వారానికి మూడు పూటలు పోయి వచ్చి మిగతా రోజులు మిషన్ దగ్గర కూర్చుంటానని నాన్నే నిర్ణయించుకున్నారు. తన నోటితో తాను నిర్ణయించుకోవడం నాకు అన్నిటికన్నా తృప్తి.

కృష్ణరాజపురం_వాసవి
ఐదు వారాల తరువాత రాస్తున్నాను. డాప్లర్‌లో మణికట్టు సిర బాగుందన్నారు. చేతికి మాత్రమే మత్తు ఇచ్చి గంటన్నరలో చేశారు, సాయంత్రం ఇంటికి వచ్చేశాం. రెండో వారం కుట్లు తీశారు. వేళ్లు వెచ్చగానే ఉన్నాయి. టీకా రెండు విడతలు అయ్యాయి. పోయిన వారం ఈజీఎఫ్‌ఆర్ 12. డయాలిసిస్ ఇంకా అవసరం లేదన్నారు. కొబ్బరి బొండాల బండి వచ్చే వైపు కాకుండా ఇంకో వీధిలో నడుస్తున్నారు.

రోజూ పొద్దున లేవగానే మణికట్టును చెవికి ఆనించి వింటారు. మా చిన్నవాడు కూడా పరుగెత్తుకు వచ్చి తాతయ్య చెయ్యి వింటాడు.

మెస్ గారికి ఒక మాట. ఆ రోజు డయాలిసిస్ హాలులో ఏసీ చలికి వణుకుతారని, మోచేతి పైన సూదులు కాబట్టి నిండు చేతుల చొక్కా వేసుకోలేరని మీరు అన్నది నాన్న గుర్తు పెట్టుకున్నారు. మెత్తని ఫ్లానెల్ గుడ్డ తెప్పించారు. ఎడమ చెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా తెరుచుకునేలా, ప్రెస్ బటన్లతో చొక్కా కుడుతున్నారు. మీ భుజం కొలత, ఎడమ చెయ్యి పొడవు కావాలట. ఫిస్టులా ఉబ్బు ఉన్నచోట చుట్టుకొలత విడిగా కొలవమన్నారు, బిగుతు కాకూడదట.

మడివాల_మెస్
భుజం పద్దెనిమిదిన్నర అంగుళాలు. చెయ్యి పొడవు ఇరవై నాలుగు. ఉబ్బు దగ్గర చుట్టుకొలత పద్నాలుగు, ఇప్పుడే మా ఆవిడ కొలిచింది. మా హాలులో నా పక్క మంచం ఆయన, కిటికీ దగ్గర కూర్చునే అమ్మమ్మ కూడా అడుగుతున్నారు. కూలి ఎంతో పెద్దాయనను అడిగి చెప్పండి, ఊరికే మాత్రం వద్దు.